బేతంచెర్లలో విరిగిన బోల్టు

కర్నూలు పక్కనున్న కల్లూరులో నా షెడ్డుకు బోర్డు లేదు. మెయిన్ రోడ్డు మీద షేర్ ఆటో దిగి, గ్రిల్లులు చేసేవాళ్ల అంగడి దాటి, "ఇరిగిన బోల్టులు తీసేటాయన యాడ?" అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. లారీ చక్రాల్లో తెగిన బోల్టులు, ఉప్పునీళ్లకు తుప్పుపట్టిన బోరు మోటార్ల స్టడ్లు, పిండిమరల్లో తల అరిగిపోయిన స్క్రూలు, ఇవన్నీ నా దగ్గరికి వస్తాయి. మెకానిక్కులకు ఈ పనంటే విసుగు. బండి విప్పడం, బిగించడం వాళ్ల పని. విప్పేటప్పుడు బోల్టు తల తెగి మొండెం లోపలే ఉండిపోయిందంటే, చేతిలో పానా పక్కన పడేసి నా పేరు చెబుతారు. ఆ మిగిలిపోయిన ముక్కను, చుట్టూ ఉన్న మరలు చెడకుండా బయటికి తీయడమే నా వృత్తి.

ఈ పని నాకు నేర్పింది ఒక మనిషి. నాకంటే ఆరేళ్లు పెద్ద. నేను మొదటినుంచీ భాయ్ అనే పిలిచాను. నేను కడప వైపు మగ్గాలున్న ఊరి నుంచి ఐటీఐ చదువుకోవడానికి కర్నూలు వచ్చి, ఇక్కడే ఒక లేతు షాపులో చేరినప్పుడు ఆయన అక్కడ పాత పనివాడు. నాలుగేళ్ల తర్వాత ఇద్దరం కలిసి ఈ షెడ్డు వేసుకున్నాం. పందొమ్మిదేళ్లు ఒకే బల్లకు అటొకరం ఇటొకరం నిలబడి పనిచేశాం.

భాయ్ చేతుల్లో ఏదో ఉండేది. మాటల్లో చెప్పడం కష్టం. విరిగిన బోల్టుకు సరిగ్గా నడిమధ్యన పంచ్‌తో గుర్తు పెట్టడం దగ్గరే సగం పని అయిపోతుంది. అది వెంట్రుకవాసి పక్కకు జరిగితే డ్రిల్లు కూడా పక్కకే పోయి మరలను తినేస్తుంది. నేను కొలిచి, గీత గీసి, కళ్లద్దాలు సర్దుకుని పెట్టే గుర్తును, ఆయన ఒకసారి బొటనవేలితో తడిమి పెట్టేసేవాడు. ఎప్పుడూ తొందర పడేవాడు కాదు. బోల్టు చుట్టూ డీజిలు పోసి, సుత్తితో నాలుగు దెబ్బలు మెల్లగా కొట్టి, "నాననీ అప్పా, దానికి దారి దొరకల్ల గదా" అని ఇంకో పని అందుకునేవాడు. మధ్యాహ్నం మా ఇంటి జొన్నరొట్టె, ఆయన తెచ్చిన కూర కలిపి తినేవాళ్లం. పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కూడా కాదు. పక్కన ఒకడున్నాడన్న సంగతి తలుచుకోవలసిన అవసరమే రాలేదు.

మా ఇద్దరినీ విడదీసింది నేను చేసిన ఒక పని. చేసిన పని కంటే, చెప్పకుండా దాచిన మాట అనాలి.

ఊరికి దగ్గర్లోని పల్లె రైతు ఒకాయన తన ట్రాక్టరు ఇంజను బ్లాకును తెచ్చి దించాడు. పైన మూతలా ఉండే హెడ్డును పట్టి ఉంచే స్టడ్డు ఒకటి లోపలే తెగిపోయింది. శనగ విత్తనం వేసే రోజులు. ఆయన తొందర ఆయనది. భాయ్ చూసి, "మూడు దినాలు పడ్తాదన్నా. నా మీద వదిలెయ్, నేను చూసుకుంటా" అన్నాడు. రైతు ఒప్పుకుని వెళ్లాడు.

రెండో రోజు శుక్రవారం. భాయ్ జుమ్మా నమాజుకు పోతూ, "దాన్ని ముట్టుకోవద్దప్పా, రేపటిదాకా నాననీ" అని చెప్పి మరీ వెళ్లాడు. ఆయన వెళ్లాక నేను బ్లాకు చుట్టూ తిరిగాను. అన్నేళ్లయినా కష్టమైన పని వస్తే అందరూ భాయ్ మొహమే చూసేవాళ్లు. ఆయన వచ్చేలోపు ముక్క తీసి బల్ల మీద పెట్టాలనిపించింది. ఇంతకు మించి కారణం లేదు.

స్టడ్డు మధ్యలో రంధ్రం చేసి ఈజీ అవుట్ దించాను. అది ఎడమ చుట్టు మరలున్న, మేకులాంటి పనిముట్టు. రంధ్రంలో దించి వెనక్కి తిప్పితే పట్టు బిగుసుకుని ముక్కను బయటికి తెస్తుంది. చాలా గట్టి ఉక్కు, కానీ గాజులాగా పెళుసు. నేను తిప్పాను. కదల్లేదు. ఇంకొంచెం బలం పెట్టాను. టక్కుమని చిన్న చప్పుడయింది. పనిముట్టు సగానికి విరిగి లోపల ఉండిపోయింది. ఇప్పుడు ఆ రంధ్రంలో ఏ డ్రిల్లూ దిగదు. భాయ్ వచ్చేస్తాడని ఉలి పెట్టి కొట్టాను. నాలుగో దెబ్బకు బ్లాకు మీద సన్నటి పగులు సాగింది. నీళ్లు తిరిగే చోటు అది. ఆ బ్లాకు ఇంక పనికి రాదు.

భాయ్, ఆ రైతు ఇద్దరూ ఒకేసారి షెడ్డులోకి వచ్చారు. ఎంతవరకు వచ్చిందో చూసిపోదామని వచ్చాడట రైతు. పగులు చూసి ఆయన మొహం నల్లబడింది. తిన్నగా భాయ్ మీదికి పోయాడు.

"నా మీద వదిలెయ్ అంటివి కదప్పా! ఇదేనా నువ్వు చూసుకునేది? నా ఇంజన్ని నాశనం చేస్తివే!"

భాయ్ బ్లాకు వైపు చూశాడు. విరిగిన పనిముట్టు వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను పాత గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాను. తుడుచుకుంటూనే ఉన్నాను. నోరు తెరిస్తే అయిపోయేది. తెరవలేదు.

"తప్పయిపోయిందన్నా," అన్నాడు భాయ్.

రైతు ఊరుకోలేదు. పోయిన చోటల్లా ఆ మాట చెప్పాడు. ముసలోడయినాడు, చెయ్యి పోయింది, ఇంజను పగలగొట్టినాడు అని. పని తెచ్చేవాళ్లు షెడ్డు గడప దగ్గర ఆగి, "ఆయన గాదు, నువ్వు చెయ్యప్పా" అని నాతో అనడం మొదలుపెట్టారు. భాయ్‌కు వినబడేది. విననట్టు ఉండేవాడు. ఎనిమిది రోజులు మామూలుగానే వచ్చాడు, మామూలుగానే తిన్నాడు. ఆ పనిముట్టు గురించి ఒక్క మాట అడగలేదు. తొమ్మిదో రోజు తన సుత్తులు, పంచ్‌లు ఒక గోనెసంచిలో వేసుకుని, "బేతంచెర్లలో పాలిష్ ఫ్యాక్టరీలో పిలిచినారు. పోతాండా" అన్నాడు. నేను "సరే భాయ్" అన్నాను. ఆ "సరే" తలుచుకుంటే ఈరోజుకీ నామీద నాకు అసహ్యం వేస్తుంది.

ఇంట్లో నా భార్యకు మాత్రం జరిగింది చెప్పాను. ఆమె పొయ్యి ఆర్పేసి నా ఎదురుగా వచ్చి కూర్చుంది. తర్వాత, "పోయి చెప్పిరాపో. బేతంచెర్ల ఎంత దూరం?" అంది. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు అడిగేది, "పోయినావా?" అని. పండగ కానీ, పని తగ్గనీ, ఎండలు తగ్గనీ అని చెబుతూ వచ్చాను. నాలుగేళ్లు అట్లా గడిచాయి. ఐదో ఏడు ఆమెకు కిడ్నీలు పాడై ఆరు నెలల్లో పోయింది.

ఆమెను తీసుకుపోయే రోజు వీధి చివర భాయ్ కనిపించాడు. చెప్పులు చేతిలో పట్టుకుని, గోడ పక్కన నిలబడి ఉన్నాడు. ఎవరు చెప్పారో తెలియదు. శ్మశానం దాకా అందరి వెనకాల నడిచి వచ్చాడు. స్నానాలు చేసి తిరిగి చూసేసరికి లేడు.

మాకు పిల్లల్లేరు. ఆమె పోయాక ఇంట్లో ఉండలేక పొద్దున్నే షెడ్డుకు వచ్చేవాడిని. ఆదివారాలు మరీ కష్టంగా ఉంటే ఆదివారాలు కూడా తెరిచాను. నా దగ్గరికి వచ్చేవాళ్లు నిలబడి మాట్లాడే మనుషులు కారు. ఎవరి మీదో కోపంతో వస్తారు, వస్తువు బల్ల మీద పెడతారు, "ఎప్పటికి అయితాది?" అంటారు, పోతారు. ఒక్కోసారి సాయంత్రం షట్టరు దించుతూ, ఈరోజు నేను మాట్లాడిన మాటలు ఎన్ని అని చూసుకుంటే "రేపు రా", "ఎల్లుండి రా" తప్ప ఏమీ ఉండేవి కావు. బోల్టు తీస్తూ "ఇటు పట్టు" అనబోయి, బల్లకు అటువైపు ఎవరూ లేరని గుర్తొచ్చి ఆగిపోయిన రోజులున్నాయి. నేనే అటువైపు నడిచి పోయి పట్టుకుని, మళ్లీ ఇటువైపు వచ్చేవాడిని.

ఒక ఎండాకాలం పొద్దున బేతంచెర్ల నుంచి ఫోన్ వచ్చింది. నాపరాళ్లు పాలిష్ చేసే ఫ్యాక్టరీ యజమాని.

"అన్నా, మిషన్ హెడ్డు బోల్టు లోపల ఇరిగిపోయింది. ముగ్గురు చూసినారు, ఎవరితోనూ కాలేదు. రాళ్లన్నీ నిలబడిపోయినాయి. నువ్వొస్తేనే అయితాదంట."

"ఎవరు చెప్పినారు?" అన్నాను.

"మా మెకానిక్ భాయ్ చెప్పినాడు. ఈ నెంబరు ఆయనిచ్చిందే."

సంచి సర్దుకుని బస్సెక్కాను. బేతంచెర్ల దగ్గరపడేకొద్దీ రోడ్డుకు రెండువైపులా రాళ్లపొడి, చెట్ల ఆకుల మీద కూడా తెల్లటి పొర. చదునుగా కోసిన రాళ్లు నిలువునా పేర్చి ఉన్నాయి. ఫ్యాక్టరీలో ఏ మిషనూ తిరగడం లేదు. పనివాళ్లు నీడలో కూర్చుని ఉన్నారు. రేకుల కింద స్టూలు మీద భాయ్ ఉన్నాడు. గడ్డం పూర్తిగా నెరిసిపోయింది. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని, దాని మీద ఎడమచెయ్యి వేసి పట్టుకున్నాడు. ఆ చెయ్యి కింద కుడిచెయ్యి వణుకుతూనే ఉంది.

"వచ్చినావా?" అన్నాడు. "రా, చూడు."

తొమ్మిదేళ్ల తర్వాత మా మొదటి మాటలు అవే.

మోకాళ్ల మీద కూర్చుని చూశాను. పాలిష్ రాళ్లు బిగించే హెడ్డును పట్టి ఉంచే బోల్టు, లోపలికంటా తెగింది. నీళ్లు, రాతిపొడి కలిసి మరల్లోకి చేరి సిమెంటులాగా గట్టిపడ్డాయి. పైగా ఎవరో డ్రిల్లు పెట్టి పక్కకు తోలారు. రంధ్రం వంకరగా పోయింది.

"ఈజీ అవుట్ పెట్టడానికి లేదు," అన్నాను.

"లేదు," అన్నాడు భాయ్. "నట్టు పెట్టి వెల్డింగ్ చెయ్యల్ల. నా చేతితో అయ్యేది గాదప్పా. చూస్తాండావు గదా."

లోపలి ముక్క మీద వెల్డింగ్‌తో ఇనుము పోసి పైదాకా తెచ్చి, దాని మీద నట్టు పెట్టి, నట్టు లోపలినుంచి వెల్డింగ్ చేసి, ఆ నట్టును పానాతో తిప్పాలి. చెప్పడానికి సులువు. మొదటిసారి చేసి తిప్పితే నట్టు ఒక్కటే ఊడి చేతికొచ్చింది. శుభ్రం చేసి రెండోసారి చేశాను. అదీ ఊడింది. యజమాని వెనక నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. మూడోసారి వెల్డింగ్ అయ్యాక, వేడి తగ్గకముందే పానా అందుకున్నాను. భాయ్ ఎడమచెయ్యి వచ్చి నా మణికట్టు మీద పడింది.

"ఆగప్పా. ఎర్రగా ఉన్నప్పుడు తిప్పితే మళ్లీ ఊడుతాది. చల్లారనీ. గంట పట్టినా సరే."

పానా కింద పెట్టాను. యజమాని ఏదో అనబోయి భాయ్ మొహం చూసి వెళ్లిపోయాడు. భాయ్ ఒక కొవ్వొత్తి తీసి ఇచ్చి, ఇనుము ఇంకా వేడిగా ఉన్నప్పుడే దాన్ని బోల్టు అంచుకు తాకించమన్నాడు. మైనం కరిగి మరల్లోకి దిగింది. ఇద్దరం స్తంభానికి ఆనుకుని నేల మీద కూర్చున్నాం. ఆయన డబ్బా తెరిచి రెండు రొట్టెలు నా వైపు జరిపాడు. ఎడమచేత్తో తినడం నాకు కనబడకుండా కొంచెం పక్కకు తిరిగి తిన్నాడు.

రొట్టె పక్కన పెట్టాను. నీళ్లు తాగాను.

"భాయ్, ఆ ట్రాక్టరు ఇంజను... దాన్ని పగలగొట్టింది నేనే."

ఆయన నమలడం ఆపలేదు. "నాకు తెల్దా అప్పా? నమాజుకు పోయేటప్పుడు బాగుండినది, వచ్చేసరికి పగిలుండాది. షెడ్డులో ఉండేది నువ్వొక్కనివే."

"మరి నామీదికి తోయలేదే? ఆయన అట్లా అరుస్తాంటే..."

"నువ్వే చెప్తావనుకుంటి. ఆ పూట చెప్తావనుకుంటి. మరుసటి దినం చెప్తావనుకుంటి. ఎనిమిది దినాలు చూసినా." డబ్బా మూత పెట్టబోయాడు. చెయ్యి వణికి మూత కుదరలేదు. నేను అందుకోబోతే పక్కకు జరుపుకుని తనే పెట్టాడు. "కర్నూల్లో నాకు పని లేకుండా పోయింది. నా బిడ్డ పెండ్లి మాటల్లో గూడా ఎవరో అన్నారు, ఇంజన్ పగలగొట్టినాయన బిడ్డంట అని."

ఆ సంగతి నాకు తెలియదు. తల ఎత్తలేకపోయాను. "నన్ను క్షమించు భాయ్" అన్నాను.

ఆయన మిషను వైపు చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి, "ఇది నాకు చెప్తే ఏమొస్తాదప్పా? నాకు తెల్సిందే గదా. తెలీనోళ్లకు చెప్పల్ల," అన్నాడు.

తర్వాత లేచి, బోల్టును వేలితో ముట్టి చూశాడు. "ఇంగ రా. ముందు విప్పొద్దు. రవ్వంత బిగించు."

బిగించాను. ఆయన ఎడమ అరచెయ్యిని ఇనుము మీద ఆనించి కళ్లు మూసుకున్నాడు. "ఇప్పుడు ఇటు తిప్పు. ఆపు. మళ్లీ బిగించు. మళ్లీ తిప్పు." నాకు పానాలో ఏమీ తెలియలేదు, రాయిని తిప్పుతున్నట్టే ఉంది. "కదిలింది," అన్నాడు ఆయన. ఇంకో రెండు తిప్పులకు గాని నా చేతికి తెలియలేదు. అటు కొంచెం, ఇటు కొంచెం తిప్పుతూ, మధ్యమధ్య నూనె వేస్తూ, కిర్రుమంటూ ఒక్కో చుట్టూ పైకి తెచ్చాం. అరగంటకు ముక్క మొత్తం బయటికొచ్చింది. లోపల మరలు ఒక్కటి కూడా చెడలేదు. చుట్టూ చేరిన పనివాళ్లు చప్పట్లు కొట్టారు. భాయ్ ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, పక్కనున్న పాత ఇనుము డబ్బాలో పడేశాడు.

గేటు దాకా నాతో వచ్చాడు. "కల్లూరుకు వచ్చెయ్ భాయ్. చేతులు నావి, చూపు నీది. ఇట్లాగే చేసుకుందాం" అన్నాను.

తల అడ్డంగా ఊపాడు. "లేదప్పా. ఈడ రెండేండ్ల నుంచి కుర్చీలో కూర్చోబెట్టి జీతమిస్తాండారు. ఆడికొస్తే మళ్లీ నన్ను జూసి మాట్లాడుకుంటారు. నువ్వు పో, బస్సుకు టైమయితాది."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా బయట ఏముందో చూడలేదు. రెండు రోజులు పని చేయబుద్ధి కాలేదు. మూడోరోజు పొద్దున షెడ్డు తెరవకుండా ఆ రైతు ఊరికి పోయాను.

ఆయన కల్లంలో కూర్చుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. నిలబడే చెప్పాను. నీ ఇంజను పగలగొట్టింది భాయ్ కాదన్నా, నేను. ఆయన వద్దంటే వినకుండా చేశాను. ఆయన నా తప్పును తన మీద వేసుకున్నాడు.

రైతు నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "ఇన్నేండ్లకు వచ్చి చెప్తాండావా?"

"అవునన్నా."

"నేను ఊరంతా ఆయన్ని తిట్టుకుంటా తిరిగితి కదప్పా! సంతలో తిట్టినా. ఆయన ఎదురుపడితే మొహం తిప్పుకున్నా." లేచి నిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. "నువ్వు మనిషివేనా?" అన్నాడు. కల్లంలో అటు చివరదాకా నడిచి వెనక్కొచ్చి, "ఆయన ఫోన్ నెంబరు ఉండాదా నీ దగ్గర?" అని అడిగాడు.

రాసిచ్చాను. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఇవ్వనందుకు నాకు బాధ వేయలేదు.

నెల గడిచింది. ఒక సాయంత్రం భాయ్ ఫోన్ చేశాడు. "ఆ రైతు బేతంచెర్లకు వచ్చినాడప్పా. ఫ్యాక్టరీలో అందరి ముందరా నా చేతులు పట్టుకున్నాడు. నాకే సిగ్గయింది." తర్వాత, "ఈ పొద్దు ఏం పని వచ్చింది?" అని అడిగాడు. సబ్‌మెర్సిబుల్ మోటారు వచ్చిందని చెప్పాను. ఏ సైజు బోల్టు, ఎట్లా తెగింది, ఎంతసేపు నానబెట్టినావు అని ఒక్కొక్కటే అడిగాడు. అప్పటినుంచి వారానికోసారి ఫోన్ వచ్చేది. బోల్టుల గురించి తప్ప ఇంకేమీ మాట్లాడుకునేవాళ్లం కాదు.

పోయిన ఏడు ఆయన చెయ్యే కాదు, కాళ్లు కూడా వణకడం మొదలై, కడపలో ఉన్న బిడ్డ దగ్గరికి వెళ్లిపోయాడు. మాట కూడా ముద్దగా అయిపోవడంతో ఫోన్లు తగ్గి, ఆగిపోయాయి. ఒకసారి పోయి చూశాను. ఆయన బిడ్డ తలుపు తీసి, "రా చాచా" అంది. నేనెవరో ఆమెకు తెలుసు. నేను చేసింది కూడా తెలిసే ఉంటుంది. నాకు కుర్చీ వేసి, తండ్రికి టీ స్పూనుతో తాగించింది. భాయ్ నా వైపు చూసి ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు.

"పని సంగతి చెప్పమంటాండాడు," అంది ఆమె.

చెప్పాను. ఆ నెలలో వచ్చిన పనులన్నీ, ఏ ముక్క ఎక్కడ మొండికేసిందో, ఏది సులువుగా వచ్చిందో, ఒకటి తీయలేక వెనక్కి పంపింది కూడా చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. తీయలేకపోయిన దాని దగ్గర కళ్లు తెరిచి, ఎడమచెయ్యి కొంచెం పైకెత్తి, నిదానం అన్నట్టు ఆడించాడు. ఆ తర్వాత నిద్రపోయాడు.

మధ్యాహ్నం బస్సుకు కర్నూలు బయలుదేరాను. మరుసటి రోజు కల్లూరులో షట్టరు ఎత్తేసరికి బల్ల మీద దుమ్ము పేరుకుని ఉంది. తుడిచాను. తీయలేక వెనక్కి పంపిన ఆ పనిని తెచ్చినాయనకు ఫోన్ చేసి, దాన్ని మళ్లీ తెమ్మని, వారం రోజులు నా దగ్గర వదిలి పొమ్మని చెప్పాను.